అప్‌డేట్: జార్ ఫోల్డర్‌లోనే ఉన్నా మావెన్ లేదంటున్న సమస్య తీరింది

మొన్న నేను అడిగింది ఇదీ: మావెన్ (జావా ప్రోగ్రాములను బిల్డ్ చేసే టూల్) సెట్టింగ్స్ ఫైల్‌లో ఆఫీసు మిర్రర్ (అసలు సర్వర్‌కు బదులు లైబ్రరీలు ఇచ్చే సర్వర్) మార్చాక, ఆఫ్‌లైన్‌లో బిల్డ్ చేస్తే "ఈ ఆర్టిఫాక్ట్ (లైబ్రరీ ఫైల్) ఇంతకుముందు డౌన్‌లోడ్ కాలేదు" అంటోంది. చూస్తేనేమో లోకల్ రిపాజిటరీలో (దించుకున్న లైబ్రరీలు ఉండే ఫోల్డర్) జార్ (లైబ్రరీ కోడ్ ఫైల్), పామ్ (దాని వివరాల ఫైల్) రెండూ చక్కగా ఉన్నాయి. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

కారణం జార్ పక్కనే ఉన్న "_రిమోట్.రిపాజిటరీస్" అనే చిన్న ఫైల్. డిపెండెన్సీలు (ప్రాజెక్టుకు కావాల్సిన లైబ్రరీలు) తెచ్చుకునేటప్పుడు, ఆ పని చూసే మావెన్ రిజాల్వర్ దీన్ని తనే రాసుకుంటుంది. తెరిస్తే జార్ పేరు, తర్వాత ">" గుర్తు, దాని వెంట రిపాజిటరీ ఐడీ (జార్ ఏ సర్వర్ నుంచి వచ్చిందో దాని పేరు), చివర "=" కనిపించాయి. మన మెషీన్‌లోనే ఇన్‌స్టాల్ చేసినవాటికి ఆ ఐడీ చోటు ఖాళీగా ఉంటుంది. నా ఫైళ్లలో పాత మిర్రర్ ఐడీ ఉంది, సెట్టింగ్స్‌లో కొత్తది. ఐడీ కలవకపోతే జార్ కళ్లెదుటే ఉన్నా మావెన్ లెక్కలో అది లేనట్టే. యూఆర్‌ఎల్ మారినా ఫరవాలేదు, మావెన్ చూసేది ఐడీనే.

కొందరు ఆ ఫైళ్లన్నీ డిలీట్ చేయమన్నారు. ఒక ఫోల్డర్‌లో చేసి చూశాను, పనిచేసింది. కానీ ఏది ఎక్కడి నుంచి వచ్చిందన్న సమాచారం అలా చెరిపేయడం నాకు నచ్చలేదు. ఇది అంతర్గత ఫైల్, ఫార్మాట్ ఎప్పుడైనా మారొచ్చు అని మొదటి లైన్‌లోనే రాసి ఉంది కాబట్టి చేత్తో దిద్దడమూ వద్దనుకున్నాను. కొత్త మిర్రర్‌కి పాత ఐడీనే పెట్టాను. ఆఫ్‌లైన్ బిల్డ్ పూర్తయింది, టెన్షన్ తీరింది.

"లాస్ట్‌అప్‌డేటెడ్" ఫైళ్ల సంగతి వేరు. అవి విఫలమైన డౌన్‌లోడ్‌ల గుర్తులు. నెట్ ఉన్నప్పుడు "-యూ" ఆప్షన్‌తో బిల్డ్ చేస్తే మావెన్ మళ్లీ ప్రయత్నిస్తుంది.