ఆరేళ్లు దాటిన ఆఫీసు కుర్చీలు: రిపేరు చేయించాలా, మొత్తం మార్చేయాలా?

బెజవాడ లెక్కలు
విజయవాడలో ఆడిటింగ్ ఆఫీసు. 2019లో ఒకే షాపులో కొన్న పుష్‌బ్యాక్ కుర్చీలు 12. అయిదింటికి హైడ్రాలిక్ (సీటును లేపి దించే నిలువు గొట్టం) పోయింది, సీటు లేపి కూర్చుంటే గంటలో కిందికి దిగిపోతోంది. ఏడింటికి స్పాంజి అణిగిపోయింది. నాలుగింటికి రెక్సిన్ పొలుసులుగా రాలి చొక్కాలకు అంటుకుంటోంది. రెండు కుర్చీలు పక్కలకు ఊగుతున్నాయి. రిపేరు మేస్త్రీ కుర్చీకి సగటున 2,600 అడిగాడు. అదే తరహా కొత్తది 7,800 అంటున్నారు. బల్లలన్నీ 75 సెంటీమీటర్ల ఎత్తు, కింద టైల్స్. భాగస్వాముల్లో ఒకరు అన్నీ తీసేద్దామంటారు, ఇంకొకరు మూడో వంతులో పోయేదానికి అంత ఖర్చెందుకంటారు. తెలిసినవారు చెప్పండి.

పానాపట్టు
సగటు రేటుకి మాత్రం ఒప్పుకోకండి. చక్రం ఒక్కటే పోయిన కుర్చీకీ, అన్నీ పోయిన కుర్చీకీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? ముందు ఒక్కోదాన్నీ తిరగేసి చూడండి.

హైడ్రాలిక్, చక్రాలు, హ్యాండిల్స్ ఎప్పటికైనా అరిగేవే, మార్చుకోవడానికి వీలుగానే చేస్తారు. సీటు కింది మెకానిజం, ప్లైవుడ్, అయిదు కాళ్ల స్టార్ బేస్ కుర్చీకి ఎముకల్లాంటివి. ఇవి బాగుంటే రిపేరు, పోతే చాలావరకు స్క్రాపే.

ఊగే రెండింటినీ ఇలా పరీక్షించండి. ఒకరు బేస్ గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు సీటును పక్కలకు ఊపాలి. కదలిక హైడ్రాలిక్ బయటి నల్ల గొట్టానికీ లోపలి మెరిసే రాడ్డుకీ మధ్య ఉంటే లోపలి నైలాన్ బుష్ (రాడ్డు చుట్టూ ఉండే తొడుగు) అరిగినట్టు, హైడ్రాలిక్ మారిస్తే పోతుంది. రాడ్డు పైకొసకీ మెకానిజానికీ మధ్య కదిలితే ఆ రంధ్రం సాగిపోయిందన్నమాట. కొత్త హైడ్రాలిక్ వేసినా నిలవదు, మెకానిజమే మార్చాలి. చివరగా టార్చి వేసి రెండు చోట్ల చూడండి: మెకానిజం ప్లేటు వెల్డింగు దగ్గర, బేస్ కాలు మధ్య గుండ్రంలో కలిసే మూల దగ్గర. వెంట్రుకంత పగులు కనిపించినా ఆ భాగాన్ని మళ్లీ వాడొద్దు. మనిషి వెనక్కి వాలినప్పుడే అది విరుగుతుంది.

నడుము ముఖ్యం
పానాపట్టు గారు చెప్పినవన్నీ కుర్చీ ఆరోగ్యం గురించి. కూర్చునే మనిషి సంగతి? పుష్‌బ్యాక్‌లో సీటూ వీపూ ఒకే ముక్కలా వెనక్కి వాలతాయి, దాంతో మోకాళ్లు పైకి లేచి పాదాలు నేల వదిలేస్తాయి. సింక్రో మెకానిజంలో వీపు రెండు డిగ్రీలు వాలితే సీటు ఒక డిగ్రీ వాలుతుంది, కాళ్లు నేల మీదే ఉంటాయి. మార్చి నెల వస్తే రోజుకి పది గంటలు కూర్చునే ఆఫీసు మీది. సరిపడని కుర్చీకి కొత్త హైడ్రాలిక్ వేస్తే సరిపడని కుర్చీయే ఇంకో మూడేళ్లు సాగుతుంది. నా ఓటు పన్నెండూ మార్చడానికే.

పానాపట్టు
సింక్రో మేలే, కాదనను. కానీ 7,800కి "అదే తరహా కొత్తది" అంటే మళ్లీ పుష్‌బ్యాకే కదండీ. మార్చి లాభమేంటి?

పైగా అసలు ఇబ్బంది బల్లతో. 155 సెంటీమీటర్ల మనిషికి పాదాలు నేలకు ఆనాలంటే సీటు సుమారు 40 దగ్గర ఉండాలి. కూర్చున్నాక మోచెయ్యి దానికి 22 పైన, అంటే నేల నుంచి 62. బల్ల 75. పదమూడు సెంటీమీటర్ల తేడా! 175 సెంటీమీటర్ల మనిషికి కూడా ఏడెనిమిది తేడా వస్తుంది. ఎంత ఖరీదైన కుర్చీ తెచ్చినా ఈ లెక్క మారదు. కీబోర్డును బల్ల కింద జారే ట్రేలో పెట్టండి, లేదా సీటు లేపి కాళ్ల కింద 10–12 సెంటీమీటర్ల పీట వేయండి. పన్నెండు ట్రేలకయ్యే ఖర్చు కొత్త కుర్చీల ఖర్చులో ఏమూలకీ రాదు.

నడుము ముఖ్యం
బల్ల లెక్కకు ఒప్పుకుంటున్నాను. అయితే ఆ లెక్క ప్రకారం సీటు పైకి లేపితే ఏమవుతుందో కూడా చూడండి. ఈ రకం కుర్చీల హ్యాండిల్స్ కదలవు. సీటు లేచే కొద్దీ అవీ లేచి బల్ల అంచుకి తగులుతాయి. మనిషి దగ్గరకు జరగలేక సీటు కొసన కూర్చుని ముందుకు వంగుతాడు, వీపు దిండు వీపుకి తగలనే తగలదు. ట్రే పెట్టినా హ్యాండిల్ ట్రేకి తగులుతుంది.

పానాపట్టు
హ్యాండిల్స్ విప్పేయొచ్చు, పక్కకి రెండో మూడో బోల్టులే. విప్పే ముందు ఒకటి చూసుకోవాలి. కొన్ని చవక మోడళ్లలో వీపును సీటుతో కలిపి ఉంచేవి ఆ హ్యాండిల్సే, అవి తీస్తే వీపు వెనక్కి పడిపోతుంది. వీపు వెనక నుంచి సీటు కిందికి విడిగా ఇనుప పట్టీ వస్తుంటేనే విప్పండి.

సోఫా మేస్త్రీ
సీట్ల సంగతి నేను చెబుతాను. పిడికిలితో సీటు మధ్యలో నొక్కండి. చెక్క తగిలితే స్పాంజి అయిపోయినట్టే. దాని మీద ఇంకో పొర వేయించుకుంటారు చాలామంది, అది దండగ. పాతది మొత్తం చెక్క దాకా తీసేయాలి. మామూలు 28, 32 డెన్సిటీ (ఘనపు మీటరుకి కిలోలు) స్పాంజి ఆఫీసు సీటుకి పనికిరాదు, కొన్ని నెలల్లోనే మళ్లీ అణుగుతుంది. కనీసం 40 డెన్సిటీ హెచ్‌ఆర్ (హై రెసిలియెన్స్, నొక్కి వదిలితే వెంటనే లేచే) ఫోమ్, రెండంగుళాల మందం అడగండి. బిల్లు మీద డెన్సిటీ రాయించుకోండి. ముందు అంచును గుండ్రంగా కోయించండి. నిలువుగా కోస్తే తొడ వెనక కోసుకుపోయి కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

స్పాంజి తీసినప్పుడే ప్లైవుడ్ చూడాలి. మెకానిజం బోల్టులు పట్టుకునేవి చెక్కలో దిగగొట్టిన టీ-నట్లు. చెమ్మకు ప్లై ఉబ్బితే నట్టు చెక్కలోనే గిర్రున తిరుగుతుంది, బోల్టు బిగియదు. అక్కడ మేకో చెక్క స్క్రూవో కొట్టి సరిపెడతారు, వారానికి ఊడుతుంది. 12 ఎంఎం ప్లైతో కొత్త సీటు పలక కోయించి, పాతదాన్ని అచ్చుగా పెట్టి రంధ్రాలు వేసి కొత్త టీ-నట్లు దించడమే పద్ధతి.

రెక్సిన్ రాలే నాలుగింటికి మళ్లీ రెక్సిన్ వేయించకండి. చవక పాలియురెథేన్ పూత చెమటకీ గాలిలో తేమకీ విడిపోతుంది, కృష్ణ ఒడ్డు ఊళ్లో ఇంకా తొందరగా. గట్టి నేత గుడ్డ వేయించండి, కూర్చున్నవాళ్లకి చెమటా తగ్గుతుంది.

గచ్చిబౌలి లాట్
మూడో దారి ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలు అంతస్తులు ఖాళీ చేసినప్పుడు కుర్చీలు లాట్లుగా అమ్ముతారు. మంచి సింక్రో కుర్చీ మామూలు కొత్త కుర్చీ ధరకు దొరికే చోటు అదే. హెర్మన్ మిల్లర్ కంపెనీ ఖరీదైన మెష్ (జాలీ) కుర్చీ ఏరాన్ లాంటివీ వస్తుంటాయి. ఏరాన్ ఏ, బీ, సీ అని మూడు సైజులు. వీపు పైఅంచు వెనక వేలితో తడిమితే చుక్కలు తగులుతాయి: ఒకటైతే ఏ, రెండైతే బీ, మూడైతే సీ. చిన్న మనిషికి సీ ఇస్తే సీటు అంచు మోకాలి వెనక ఒత్తుతుంది. మెష్ ఎక్కడైనా చిరిగితే వదిలేయండి, దానికి అతుకు వేయలేం, ఫ్రేముతో సహా మార్చాలి. కంపెనీ ఇచ్చే 12 ఏళ్ల వారంటీ మొదట కొన్నవారికే, మీకు రాదు.

నడుము ముఖ్యం
లాట్‌లో అన్నీ ఒకే మోడల్ దొరికితే సరే. రకానికొకటి తెస్తే రేపు విడిభాగాలకి తిరగడమే పనవుతుంది.

కొత్తవి కొనేవారికి ఒక హెచ్చరిక. ప్రకటనలో "బిఫ్మా సర్టిఫైడ్" (బిఫ్మా అంటే ఫర్నిచర్ పరీక్షల ప్రమాణాలు రాసే అమెరికా తయారీదారుల సంఘం) అని కనిపించగానే నమ్మకండి. చాలాసార్లు ఆ కాగితం హైడ్రాలిక్‌కో బేస్‌కో మాత్రమే ఉంటుంది. అడగాల్సింది మొత్తం కుర్చీ పరీక్ష రిపోర్టు: బిఫ్మా ఎక్స్5.1, లేదా మన భారతీయ ప్రమాణం ఐఎస్ 17631. ఎక్స్5.1 2017 కూర్పు 125 కిలోల మనిషి వరకు లెక్కేసి చేసింది. రిపోర్టులో మోడల్ పేరు మీరు కొంటున్నదే అవునో కాదో చూసుకోండి.

బెజవాడ లెక్కలు
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు అన్నీ తిరగేసి చూశాం. ఊగే రెండింటిలో ఒకదాని మెకానిజం వెల్డింగు పగిలింది, రెండోది బుష్ మాత్రమే. మూడింటికి ప్లై ఉబ్బింది. హైడ్రాలిక్ మేమే మార్చుకోవచ్చా? దిగిపోయే కుర్చీకి పైపు ముక్క తొడిగితే చాలని ఒకరు చెప్పారు, అది నిజమేనా?

పానాపట్టు
పైపు పనిచేస్తుంది. మెరిసే రాడ్డు 28 ఎంఎం ఉంటుంది. దాని మీద పట్టే పీవీసీ పైపు ముక్కను నిలువునా చీల్చి, కావలసిన ఎత్తు పొడవుకి కోసి తొడిగితే సీటు దిగదు. ఎత్తు అక్కడే స్థిరపడిపోతుంది. ఒక్కరే వాడే కుర్చీకి ఫరవాలేదు. బుష్ అరిగినదానికి వద్దు.

మార్చడం మీరే చేయొచ్చు. కుర్చీని తలకిందులుగా పెట్టి, బేస్ మధ్యలో ఉన్న చిన్న క్లిప్పు, వాషరు తీస్తే బేస్ గొట్టంతో సహా పైకి వచ్చేస్తుంది. గొట్టాన్ని బేస్ నుంచి వదిలించడానికి బేస్‌ను అలాగే తలకిందులుగా రెండు ఇటుకల మీద ఆనించి, గొట్టం అంచు మీద సుత్తితో కొట్టాలి. మెకానిజంలో ఇరుక్కున్న రాడ్డుకి అతుకు దగ్గర డబ్ల్యూడీ-40 కొట్టి, పావుగంట ఆగి పైపు రెంచితో తిప్పండి. రాడ్డుని వేడి చేయొద్దు, కోయొద్దు, డ్రిల్లు పెట్టొద్దు. లోపల నైట్రోజన్ గట్టి ఒత్తిడి మీద ఉంటుంది.

కొనేటప్పుడు పాతదాని బయటి గొట్టం వ్యాసం (ఎక్కువగా 50 ఎంఎం), పూర్తిగా దిగినప్పటి పొడవు, లేచినప్పటి పొడవు రాసుకుని వెళ్లండి. క్లాస్ 4 (గట్టిదనంలో పై తరగతి) అడగండి. కీబోర్డు ట్రే పెట్టిన బల్ల దగ్గర పొట్టివారు కూర్చుంటే 80 ఎంఎం స్ట్రోక్‌ది (లేచి దిగే దూరం అంతే ఉండే పొట్టి రకం) వేయండి, సీటు ఇంకా కిందికి దిగుతుంది. బిగించేటప్పుడు టేపర్ (సన్నబడుతూ వెళ్లే కొస) దగ్గర నూనె, గ్రీజు మరక ఉండకూడదు, పొడి గుడ్డతో తుడవండి. అక్కడ పట్టు రాపిడితోనే వస్తుంది. పెట్టి ఒకసారి బరువుగా కూర్చుంటే బిగుస్తుంది.

వెల్డింగు పగిలినదాన్ని ఇక వాడకండి. ప్లై ఉబ్బిన మూడింట్లో సీటు, రెక్సిన్ కూడా పోయినవి ఏవైనా ఉంటే వాటినీ పక్కన పెట్టండి. వాటి బాగున్న చక్రాలు, హైడ్రాలిక్‌లు, హ్యాండిల్స్ మిగతావాటికి పనికొస్తాయి. టైల్స్ నేల కాబట్టి కొత్త చక్రాలు కొనాల్సి వస్తే గట్టి నైలాన్‌వి కాకుండా మెత్తటి పీయూ (పాలియురెథేన్) చక్రాలు తీసుకోండి. కొనే ముందు పాత చక్రం పిన్నుని కొలవండి: సాధారణంగా 11 ఎంఎం, కొన్నింటికి 10. 10 పిన్ను 11 రంధ్రంలో పెడితే కుర్చీ ఎత్తిన ప్రతిసారీ చక్రం ఊడి కింద పడుతుంది.

నడుము ముఖ్యం
అలా తీసేసిన మూడు నాలుగింటి స్థానంలోనైనా సింక్రోవే కొనండి. ఎక్కువసేపు కూర్చునేవారికి ముందు అవి ఇవ్వండి.