పెకాన్‌లో నాటు చెట్లు ఉంచాలా, తీసేసి అంటు తోట వేయాలా?

పచ్చనాకు:
అమెరికాలోని టెక్సాస్, ఓక్లహామాల్లో వాగుల ఒడ్డున వాటంతట అవే మొలిచిన పెకాన్ (అక్రోటు లాంటి పప్పుకాయ) చెట్లు ఇంకా ఉన్నాయి. కాయ చిన్నది, పెంకు మందం. వాటిని తీసేసి అంట్లు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. గింజ నాటితే కాపుకు పదేళ్లు దాటొచ్చు, పైగా తల్లిచెట్టు కాయే వస్తుందన్న గ్యారంటీ లేదు.

వేరుమూలం:
పచ్చనాకు గారూ, అంటు గొప్పదనాన్ని నేను కాదనను. 1840ల్లో లూసియానాలో పెకాన్‌కు అంటు కట్టి నిలబెట్టింది ఆంట్వాన్ అనే బానిస తోటమాలి. ఆ రకమే 1876 ఫిలడెల్ఫియా శతాబ్ది ప్రదర్శనలో మెప్పు పొంది ‘సెంటెన్నియల్’ (శతాబ్ది) అన్న పేరు తెచ్చుకుంది. అంత పని చేసిన మనిషి ఇంటిపేరు కూడా ఎక్కడా రాసి పెట్టలేదు, అదే బాధ.

కానీ అంట్లన్నీ ఒకే చెట్టుకు నకళ్లు. స్కాబ్ తెగులు ఒక రకానికి అలవాటు పడిందంటే తోటంతా దానిదే. పచ్చితొక్క మీద చిన్న నల్లమచ్చలుగా మొదలై, మచ్చలు కలిసిపోయి, కాయ ఎదగకుండానే ఎండి రాలిపోతుంది. వానలెక్కువ పడే జార్జియా రాష్ట్రంలో సీజన్ పొడుగునా మందు కొట్టేది ఇందుకే. గింజ నుంచి మొలిచిన చెట్లలో ఏ రెండూ ఒకటి కావు. రేపు తెగులును తట్టుకునే రకం కావాలంటే వెతకాల్సింది వాటిలోనే.

పచ్చనాకు:
అందుకే రెండు మూడు రకాలు కలిపి వేస్తారు కదండీ. పెకాన్‌లో మగపూలు, ఆడపూలు ఒకే చెట్టు మీదున్నా సాధారణంగా ఒకేసారి సిద్ధం కావు, కాబట్టి పుప్పొడి కోసమైనా కలపక తప్పదు.

ఇసుకనేల:
న్యూమెక్సికో మెసిల్యా లోయ సంగతి వేరు. గాలి పొడి, స్కాబ్ బెడద దాదాపు లేదు. అక్కడ పెకాన్ తెచ్చి నాటిందే, కొట్టేయడానికి నాటు చెట్లు లేవు. టెన్షనంతా నీళ్లకే. క్షారనేలలో జింక్ అందక ఆకులు చిన్నవై ముడుచుకుంటాయి, ఆకుల మీద పిచికారీ చేయాల్సిందే. అలాంటి చోట అంటు తోటే సరి.

వేరుమూలం:
ఒప్పుకుంటాను, కొత్త నేలలో అంట్లే వేయండి. కలిపి వేసినా, పచ్చనాకు గారూ, ఆ రెండు మూడు రకాలే కదా మిగిలేవి. ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది బోసిగా నిలబడే గుణం అంటు చెట్లకూ ఉంది. కాయ చిన్నదైనంత మాత్రాన ఏటి ఒడ్డు చెట్టును పడగొట్టొద్దు. లేతచెట్టయితే పైకొమ్మలకు మంచి రకం అంటు కట్టుకోవచ్చు, వేరు ఎలాగూ అక్కడి నేలకు అలవాటు పడిందే.