చర్చ: ఇంట్లో జీడిపప్పు పొట్టు తీసే పిల్లలు బాల కార్మికులా?

కాశీబుగ్గ వాసి: సాయంత్రమయ్యేసరికి మా పేటలో చాలా ఇళ్ల ముందు జీడిపప్పు దిగుతుంది. వ్యాపారి పంపుతాడు, కిలో లెక్కన కూలి ఇస్తాడు. తల్లుల పక్కన పిల్లలూ కూర్చుని పొట్టు తీస్తారు, పొద్దున్నే బడికి వెళ్తారు. నిన్న అధికారులు వచ్చి ఫొటోలు తీసుకుని, కేసు పెడతామని బెదిరించి వెళ్లారు. తల్లికి సాయం చేయడం కూడా నేరమేనా?

టెక్కలి మాస్టారు: నేరమే. 1986 బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి అయ్యాక ఇంటివాళ్లకు సాయపడవచ్చన్న మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ 2017 నిబంధనల ప్రకారం రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు ఆ సాయమూ కూడదు. కుటుంబానికి కూలి తెచ్చే పనైతే సాయం కిందకే రాదు. వ్యాపారి సరుకు మీ ఇంటి వ్యాపారం ఎప్పుడయింది? జీడి ప్రాసెసింగ్ ఆ సవరణకు ముందే 1986 చట్టం కింద ప్రమాదకర పనుల జాబితాలో ఉండేది. నా తరగతిలో మొదటి గంటకే నిద్రపోయేది ఎవరో నాకు తెలుసు. వాళ్లు బడి మానేస్తే సంజాయిషీ రాసేది నేను.

గజపతినగరం: జనాభా లెక్కల్లో దేశం మొత్తం బాల కార్మికులు 2001లో 1.26 కోట్లు, 2011లో 1.01 కోట్లు. తగ్గుతున్నదానికి ఇంత గొడవ ఎందుకు?

పార్వతీపురం: ఇంట్లో పొట్టు తీసే పిల్ల ఆ లెక్కలోకి వచ్చిందంటారా?

గజపతినగరం: రాలేదని మీరు నిరూపించండి.

రాజాం రైతు: చిన్నప్పుడు నేను గేదెలు కాశాను. ఏం చెడిపోయాను?

టెక్కలి మాస్టారు: సొంత గేదెలా?

రాజాం రైతు: షావుకారివి. అయినా చెడిపోలేదు.

కాశీబుగ్గ వాసి: మాస్టారూ, చర్మం ఊడేది పిక్క కోసేటప్పుడు చేతికి అంటుకునే జీడి నూనెకు. ఆ పని పెద్దవాళ్లే చేస్తారు. పొట్టు తీస్తే ఏ చేయీ కాలదు. జాబితా రాసినవాళ్లు ఎప్పుడైనా జీడిపిక్క పట్టుకున్నారా?

టెక్కలి మాస్టారు: చేయి కాలకపోతే చాలా? నిద్ర సంగతేమిటి? పిల్లల సంపాదన తినే పెద్దవాళ్లకు సిగ్గుండాలి.

కాశీబుగ్గ వాసి: మాట జారకండి. మాది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల ప్రాంతం. 2018లో తిత్లీ తుఫానుకు తోట మొత్తం నేలకూలాకే ఇక్కడికి వచ్చాం. నాన్నకు డయాలసిస్. వచ్చే పింఛనుతో ఇల్లు గడవదు. అన్నయ్య హైదరాబాద్‌లో భవనాల పనిలో ఉన్నాడు. నిన్న వాళ్లు ఫొటో తీసింది మా అమ్మను, పదమూడేళ్ల మా చెల్లిని. సిగ్గు ఎవరికి ఉండాలి?

పార్వతీపురం: మరి ఇంతసేపూ పేట సంగతిలా ఎందుకు రాశారు?

టెక్కలి మాస్టారు: మీ అమ్మగారిని ఉద్దేశించి అనలేదు. కానీ ఒకటి అడుగుతాను. మొదటి నుంచీ అధికారులను తిడుతున్నారు, నన్ను తిడుతున్నారు. ఒక్కరి కూలితో ఇల్లు గడవని రేటు కట్టిన వ్యాపారిని ఒక్క మాటా అనలేదు. పిల్లల చేతులు కూడా పడతాయని తెలిసే కదా ఆ రేటు?

కాశీబుగ్గ వాసి: వ్యాపారిని ఏమైనా అంటే సరుకు పక్క పేటలో దిగుతుంది. మీకేం, ఎవరిని ఏమన్నా నెల జీతం ఆగదు.

పార్వతీపురం: కిలోకు ఎంత ఇస్తున్నారు?

కాశీబుగ్గ వాసి: ఇక్కడ చెప్పను.