అప్‌డేట్: తాతయ్య లారీ మీద బెంజ్ నక్షత్రం సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా, తాతయ్య పాత లారీ ఫొటోలో ముందువైపు బెంజ్ నక్షత్రం ఉంది, ఇంట్లో మాత్రం అందరూ టాటా లారీ అంటారు, ఏది నిజం అని. రెండూ నిజమే!

1945లో రైలు ఇంజిన్ల తయారీకి పెట్టిన టాటా వాళ్ల కంపెనీ టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేసింది. వాటి పేరే టాటా మెర్సిడెస్-బెంజ్. 1969లో ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి 'టీ' అక్షరం వచ్చింది. అంటే మాది అంతకుముందు బండి అయి ఉండాలి.

మీలో ఒకరు చెప్పినట్టే ఫొటో పట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. బాడీలు కట్టే ఒక పెద్దాయన చూసి, "అప్పట్లో ఛాసిస్, ఇంజిన్, బానెట్ వరకే వచ్చేవి బాబూ. క్యాబిన్, తొట్టి చెక్కతో మేమే కట్టేవాళ్లం" అన్నారు. ఫొటోలో లారీ తలుపు మీది తామరపువ్వు బొమ్మను చాలాసేపు వేలితో తడిమారు. నాకు గొంతు పట్టేసింది.

ఆర్‌సీ పుస్తకం పిన్ని వాళ్ల ట్రంకుపెట్టెలో ఉండొచ్చట. దొరికితే ఏ సంవత్సరం బండో చెబుతాను.