రాతపని ఇవ్వగానే అల్లరి: ఇది తప్పించుకోవడమా, నమ్మకం లేకపోవడమా?

నేను ఏడవ తరగతికి గణితం బోధిస్తున్నాను. ఒక విద్యార్థి నోటి లెక్కలకు చకచకా జవాబులు చెబుతాడు కానీ, వాక్య రూపంలోని లెక్కను నోటుపుస్తకంలో చేయమన్న అయిదు నిమిషాలలోపే పెన్సిల్ కింద పడేయడం, పక్కవారిని కదిలించడం, చివరికి రాసినంతా గీతలతో కొట్టేయడం మొదలుపెడతాడు. మిగిలిన పీరియడ్లలో ఈ ఫిర్యాదు లేదు. చూపు, వినికిడి పరీక్షలలో లోపమేమీ కనబడలేదు.

మనస్తత్వవేత్త స్కిన్నర్ చెప్పిన పునర్బలనాన్ని (ప్రవర్తన తరువాత కలిగే ఫలితం ఆ ప్రవర్తనను బలపరచడం) అనుసరించి, అల్లరిని పట్టించుకోకుండా, పని చేసినప్పుడు మెచ్చుకుంటూ చూశాను, ఫలితం లేదు. చోటు మార్చడం వల్ల పక్కవారికి ఊరట కలిగిందే తప్ప అతనిలో మార్పు రాలేదు. ప్రవర్తనకు ముందు, తరువాత జరిగేవి నమోదు చేయగా, అల్లరి తరువాత దాదాపు ప్రతిసారీ రాతపని ఆగిపోతోందని తేలింది. ఆ లెక్కన ఇది తప్పించుకునే ప్రవర్తన, అంటే రుణాత్మక పునర్బలనం (ఇష్టం లేనిది తొలగిపోవడం వల్ల ప్రవర్తన బలపడటం). అయితే "నాకెలాగూ రాదు" అని అతడు గొణుగుతుంటాడు. వైఫల్యానికి మారని, తన అదుపులో లేని కారణాన్ని ఆపాదించుకోవడంగా మనస్తత్వవేత్త వీనర్ వర్ణించినది, మరో మనస్తత్వవేత్త బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య విశ్వాసం (ఈ పని నేను చేయగలననే నమ్మకం) లోపించడం కూడా ఇక్కడ సరిపోతున్నాయి. సిద్ధాంతాలన్నీ సరిపోవడమే నాకు చిక్కుగా ఉంది, ఎందుకంటే తప్పించుకోవడమైతే పనిని ఆపనివ్వకూడదు, నమ్మకం లేకపోవడమైతే ముందు తేలిక లెక్కలతో విజయం రుచి చూపించాలి.

ఈ రెండు కారణాలలో ఏది బలమైనదో తేల్చడానికి తరగతి గదిలోనే చేయగల పరిశీలన ఏమిటి?