డెసిడ్యువస్ అంటే చలికాలంలో ఆకులు రాల్చే చెట్టేనా?

నల్లకుంట నాన్న:
మా పాప ఏడో తరగతి. డెసిడ్యువస్ చెట్లంటే చలికాలం రాగానే ఆకులన్నీ రాల్చేవి అని ట్యూషన్‌లో రాయించారు. ఇక్కడే నాకు తిక్క రేగింది. హైదరాబాద్‌లో డిసెంబరులో చెట్లు పచ్చగానే ఉంటాయి కదా, మా గేటు ముందున్న రావి మాత్రం శివరాత్రి దాటాక బోసిపోతుంది, పొద్దున లేస్తే చీపురు పట్టుకోవడమే పని. మరి రావి డెసిడ్యువసా, కాదా?

మోదుగపూలు:
డెసిడ్యువసే అండీ. ట్యూషన్‌లో చెప్పింది చలిదేశాల చెట్లకు సరిపోతుంది. ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది, రాలిపోయేది అని అర్థం, అందులో చలి ఊసే లేదు. పిల్లల పాలపళ్ళను కూడా డెంటిస్టులు డెసిడ్యువస్ పళ్ళనే అంటారు, అవేం చలికి ఊడవుగా 😀 చలిదేశాల్లో చలికాలం పగళ్ళు పొట్టివైపోయి, నేల గడ్డకట్టి వేళ్ళకు నీళ్ళందవు. మన దగ్గర వానలు ఆగి నెలలు గడిచి నేల ఎండుతుంది. ఆకులుంటే వాటి సన్నటి రంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతూనే ఉంటుంది కాబట్టి చెట్టు వాటిని వదిలించుకుంటుంది. ఊరికే పారేయదు, ముందు ఆకులోని నత్రజని లాంటివి చాలావరకు వెనక్కి లాక్కుంటుంది, ఆకుపచ్చదనం పోయి పండుబారేది అప్పుడే, ఆ తర్వాత కాడ మొదట్లో ఒక పొర బలహీనపడి చిన్న గాలికే ఊడిపోతుంది. మార్చిలో అనంతగిరి వైపు వెళ్ళండి, టేకు చెట్లు మోడుల్లా నిలబడి ఉంటాయి, మోదుగ ఒంటిమీద ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంటుంది.

బాల్కనీ తోట:
మనవాళ్ళు శిశిరం అన్నది మాఘ ఫాల్గుణాలనే కదా, అంటే దాదాపు ఫిబ్రవరి, మార్చి. లెక్క సరిపోయింది. కానీ మామిడి కూడా ఏడాదంతా రాలుస్తూనే ఉంటుంది, మా మేడ మీద చూడాలి!

మోదుగపూలు:
మామిడి కొన్ని కొన్నిగా రాలుస్తుంది, ఎప్పుడూ బోడి కాదు, అందుకే సతతహరితం. వేపతోనే పేచీ. పుస్తకాల్లో ఎక్కువగా సతతహరితమనే ఉంటుంది, నీళ్ళు మరీ తక్కువైతే మాత్రం దాదాపు ఆకులన్నీ దులిపేస్తుంది. ఒకే గీత గీసి అటూ ఇటూ పెట్టడం కుదరదు.

నల్లకుంట నాన్న:
థాంక్సండీ. నోట్సులో 'చలికాలం' కొట్టేసి 'ఏటా ఒక కాలంలో' అని రాయించాను, పాపకు సార్ తిడతారేమోనని టెన్షన్. మా రావికి ఇవాళే రాగిరంగు చిగుళ్ళు కనిపించాయి, ఇంకో వారం ఊడిస్తే చాలనుకుంటా.