భీమిలి వైపు సముద్రంలో పంజరాలు వేస్తే మన వేట సంగతేంటి?

భీమిలి_రోడ్డు: నాన్న, బాబాయి ఇద్దరిదీ ఫైబర్ బోటే. సబ్సిడీ దొరికితే పంజరం, అంటే నీళ్లలో వలతో కట్టిన గూడు, వేసి పండుగప్ప చేప పెంచుదామని బాబాయి. వల వేసే చోట గూళ్లు కడితే మేమెక్కడికి పోవాలని నాన్న. ఇంట్లో రోజూ ఇదే గొడవ. సాల్మన్ పెంచే దేశాల్లో సముద్రపు చేప దెబ్బతినకుండా ఏం చేస్తున్నారు? ఇక్కడ పెంచినవాళ్ల అనుభవమేంటి?

బెర్గెన్_బావ: నార్వేలో నాలుగేళ్లు సాల్మన్ పంజరాల మీద పనిచేశాను. అక్కడ అసలు భయం పేను. చేపకి పట్టే సముద్రపు పేను, పంజరాల్లో పెరిగి బయటి సాల్మన్‌కీ పాకుతుంది. ప్రతివారం కొన్ని చేపల్ని తీసి, మత్తుమందు కలిపిన తొట్టిలో వేసి, ఒక్కోదాన్నీ తిరగేసి లెక్కపెట్టాలి. ఆడపేనుకి వెనకాల రెండు దారాల్లా గుడ్ల వరసలు వేలాడుతుంటాయి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా అవి విడిగా రాసుకోవాల్సిందే. చేపకి సగటున 0.5 ఆడపేను దాటకూడదు. వసంతంలో నదుల్లోంచి సాల్మన్ పిల్లలు సముద్రానికి దిగే వారాల్లో 0.2. ఏ పంజరాల్లో ఎంతుందో ఇంట్లో కూర్చుని ఎవరైనా నెట్‌లో చూసుకోవచ్చు. 2017 నుంచి తీరాన్ని 13 ప్రాంతాలుగా విడగొట్టారు. పేల వల్ల నదుల సాల్మన్‌కి ముప్పు తక్కువున్న చోట పచ్చలైటు, ఉత్పత్తి 6 శాతం పెంచుకోవచ్చు. ఎర్రలైటు పడితే 6 శాతం కోత. ఇంత చేసినా 2024 జూన్‌లో సాల్మన్ బాగా తగ్గిపోయి 33 నదుల్లో వేట ఆపేశారు.

జాలారిపేట_కుర్రాడు: పేలు లెక్కెట్టడానికి జీతమా! మా అమ్మ నా తలలో ఊరికే లెక్కెట్టేది. సరే గానీ, పంజరంలో చేపకి మేతేటి? మళ్లీ చిన్న చేపలే కదా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమని బోట్లు ఒడ్డున కట్టేసి కూర్చుంటున్నాం. ఆ 61 రోజుల్లో పుట్టిన కవ్వళ్ల పిల్లని మేతకి ఎత్తేస్తే మా పస్తులు ఎవరి కోసం?

పాత_పంజరం: తమ్ముడు అడిగింది నిజం. మేం అయిదుగురం కలిసి పండుగప్ప వేశాం. కిలో చేప పెరగడానికి అయిదారు కిలోల చిల్లర చేప పోశాం. గుళికల మేత ఉంది గానీ బస్తా రేటు వింటే గుండె గుభేలుమంది. అంతకన్నా ఏడిపించింది వల. కన్నుకన్నుకీ నాచు, ఆల్చిప్పలు పట్టేస్తాయి. వల బరువెక్కుతుంది, లోపలికి నీరాడదు, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చిప్ప అంచుకి కోసుకున్న మచ్చ నా అరచేతిలో ఇంకా ఉంది. ఒకసారి వల మార్చడానికి వారం బద్ధకించాం. ఆ వారంలోనే అలలు లేచి ఓ మూల చిరిగింది. సగానికి పైగా పోయాయి. పండుగప్ప ఈ సముద్రం చేపే కాబట్టి ఏడుపు మా వరకే.

వాంకోవర్_వైజాగ్: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2017 ఆగస్టులో ఇలాగే పంజరం కూలి రెండు లక్షలకు పైగా సాల్మన్‌లు బయటపడ్డాయి. అవి అట్లాంటిక్ జాతి, పడింది పసిఫిక్‌లో. వలలకి పట్టిన చిప్పల్ని, నాచుని సరిగా తీయకపోవడమే ముఖ్య కారణమని రాష్ట్ర అధికారుల దర్యాప్తు తేల్చింది. మరుసటేడే పరాయి జాతి చేపల పంజరాలకి స్వస్తి చెబుతూ చట్టం తెచ్చారు. నేనుండే బ్రిటిష్ కొలంబియాలో 2029 జూన్ 30 తర్వాత సముద్రంలో వల పంజరాల సాల్మన్ ఉండదని కెనడా ప్రభుత్వం ప్రకటించింది.

హేచరీ_మావయ్య: ఇవన్నీ ఎక్కడో సంగతులనుకోకండి. దేశంలో మొదటి సముద్ర పంజరం 2007లో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు వేసింది మన విశాఖ తీరంలోనే. నేనడిగేది పెంచడానికి చేప పిల్ల ఎక్కణ్ణుంచి తెస్తారని. రొయ్యల చెరువులు కొత్తగా వచ్చినప్పుడు ఏటి మొగల్లో దోమతెర లాంటి వలలు లాగేవారు. టైగర్ రొయ్య పిల్లని ఏరుకుని, మిగతా చేప పిల్లంతా ఇసుకలో పారబోసేవారు. అది కళ్లారా చూశాను. హేచరీలో గుడ్ల నుంచి తీసిన పిల్లే వేయాలి, రసీదు చూపాలి అని మొదట్లోనే పెట్టాలి. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టంలోకి 2023 సవరణతో పంజరాలు కూడా వచ్చాయి కాబట్టి అడగడానికి దారుంది.

భీమిలి_రోడ్డు: బెర్గెన్ బావ రాసింది నాన్నకి చదివి వినిపించాను. "ఆ లెక్కేదో ఇక్కడ కూడా రాసి, మన రేవులో బోర్డు మీద పెడతారా?" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు, ఇదే మొదటిసారి. బాబాయి అప్పుడే పిల్ల రేట్లు కనుక్కుంటున్నాడు.

జాలారిపేట_కుర్రాడు: బోర్డు సరే, ముందు పంజరానికి రాత్రి లైటు పెట్టమని చెప్పండి మీ బాబాయికి. చీకట్లో బోటు ఫ్యానుకి పంజరం తాడు చుట్టుకుంటే ఇంజినూ పోద్ది, పంజరమూ పోద్ది.